ముప్పై సిస్టమ్‌లు, ఒకే సర్వర్: హైస్కూల్ ల్యాబ్‌లో ఎల్‌టీఎస్‌పీ, నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎల్‌టీఎస్‌పీ అంటే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. దీంతో ల్యాబ్‌లోని సిస్టమ్‌లలో హార్డ్‌డిస్కే అక్కర్లేదు. స్విచ్ నొక్కగానే ఒక్కో సిస్టమ్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌ను వెతుక్కుని, అక్కడున్న ఇమేజ్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు అన్నీ ఉన్న ఒకే పెద్ద ఫైలు) బూట్ అవుతుంది. 2019లో మొత్తం తిరగరాసిన వెర్షన్ గురించే ఈ సమీక్ష. నెట్‌లో దొరికే పాత పాఠాలు చాలావరకు అంతకు ముందువి, వాటిలోని కమాండ్లు ఇప్పుడు పనిచేయవు. ఇక్కడి ఏర్పాటు 6 నుంచి 10 తరగతులున్న బడికి: 30 సీట్లు, డెబియన్ లినక్స్, మాటే డెస్క్‌టాప్.

కొత్తగా ల్యాబ్ పెట్టే ప్రతి బడీ మొదట అడిగేది సర్వర్‌కు ఏ ప్రాసెసర్ కొనాలని. ఇందులో ప్రోగ్రాములు నడిచేది క్లయింట్ (పిల్లల ముందున్న సిస్టమ్) ప్రాసెసర్ మీదే, సర్వర్ ఫైళ్లు అందించడం వరకే. 4 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. ఇమేజ్ 4, 5 జీబీకి మించకపోతే ఒకసారి చదివాక ర్యామ్‌లోనే ఉండిపోతుంది, తర్వాతి సిస్టమ్‌లకు డిస్క్ జోలికి పోకుండానే అందుతుంది. డిస్కులు మాత్రం రెండు పెట్టండి, 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు, రెయిడ్ 1లో, అంటే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడేలా. క్లయింట్లకు 4 జీబీ ర్యామ్ తప్పనిసరి. హోమ్ ఫోల్డర్ (యూజర్ సొంత ఫైళ్లుండే చోటు) బయట రాసే ప్రతిదీ క్లయింట్ ర్యామ్‌లోకే వెళ్తుంది, ర్యామ్ చాలకపోతే ఆదుకునే స్వాప్ ఉండదు. 2 జీబీ మెషీన్లలో ఫైర్‌ఫాక్స్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే బిగుసుకుపోతాయి. ర్యామ్‌లోని డేటాను కుదించి పెట్టే జడ్‌ర్యామ్ పెడితే కొంత నయం.

డబ్బు పెట్టాల్సింది నెట్‌వర్క్ స్విచ్‌లో, కేబుల్‌లో. లెక్క వేసి చూడండి. డెస్క్‌టాప్ వచ్చేలోపు ఒక్కో సిస్టమ్ 400 ఎంబీ చదువుతుందనుకుంటే 30 సిస్టమ్‌లకు 12 జీబీ. గిగాబిట్ లైన్‌లో సెకనుకు 110 ఎంబీ చొప్పున రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. 100 ఎంబీపీఎస్ స్విచ్ అయితే 18 నిమిషాలు. పీరియడ్‌లో సగం బూటింగ్‌కే పోతుంది. అందుకే పాత స్విచ్ ఉంది కదా సరిపెట్టుకుందాం అంటే ఒప్పుకోవద్దు.

గిగాబిట్ స్విచ్ కొన్నా కేబుల్ మోసం చేయగలదు. గిగాబిట్‌కు నాలుగు జతల వైర్లూ కావాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ తెగినా, క్రింపింగ్‌లో వాటి పిన్ను ఒక్కటి సరిగా కూర్చోకపోయినా ఆ సీటు చడీచప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఆ సిస్టమ్ స్లో అని పిల్లలు అనడమే గుర్తు. ఈథ్‌టూల్ కమాండ్ ఇస్తే స్పీడ్ 1000కు బదులు 100 అని కనిపిస్తుంది. ఇక మార్కెట్‌లో క్యాట్ 6 పేరుతో అమ్మే చవక కేబుళ్లలో అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవి ఎక్కువ. కొనేముందు ఒక తీగ పైతొడుగు ఒలిచి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ఆ తీగ రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, ఏడాది తిరిగేసరికి కనెక్టర్ దగ్గర లూజవుతుంది. రెండు చివర్లా ఒకే వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు ఆరుబయట రాగి కేబుల్ లాగనే వద్దు. తొలకరి పిడుగులకు ముందు పోయేవి ఆ పోర్టులే. అక్కడ ఫైబర్ వేసి రెండు చివర్లా, దాన్ని మామూలు నెట్‌వర్క్ పోర్టుకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టాలి.

కరెంటు విషయంలో ఈ పద్ధతిని మించింది లేదు. క్లయింట్‌లో డిస్కు లేదు కాబట్టి కరెంటు పోయి ఆగిపోయినా విండోస్ పాడైందన్న గోల ఉండదు, సేవ్ చేయని పని మాత్రమే పోతుంది. యూపీఎస్ సర్వర్‌కు, స్విచ్‌కు, రౌటర్‌కు ఉంటే చాలు. ఈ మూడూ కలిపి 120 వాట్లు అనుకుంటే 600 వీఏ యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ కొత్తలో 15 నిమిషాలకు అటూ ఇటూ లాగుతుంది. కొనేటప్పుడు యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూడండి. ఉంటే నట్ సాఫ్ట్‌వేర్ బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది. మన ఎండలకు ఈ బ్యాటరీలు త్వరగా చస్తాయి, రెండో వేసవి దాటాక నమ్మొద్దు. సర్వర్‌ను ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే మారే ఆ క్షణంలో సర్వర్ రీబూట్ అవుతుంది.

పాత సిస్టమ్‌లనే క్లయింట్లుగా వాడితే అన్నిటికీ ముందే మదర్‌బోర్డు మీదుండే సీమాస్ సెల్ మార్చేయండి, సీఆర్2032. అది అయిపోతే బూట్ ఆర్డర్ మర్చిపోయి, ఎఫ్1 నొక్కమని తెర మీద ఆగిపోతుంది.

రోజువారీ వాడకంలో తరచూ కాలు తట్టుకునే చోటు ఒకటుంది. సర్వర్‌లో కొత్త పిల్లాడికి అకౌంట్ చేస్తారు, సర్వర్ దగ్గర లాగిన్ అవుతుంది, సీటు దగ్గర మాత్రం పాస్‌వర్డ్ తప్పంటుంది. కారణం, అకౌంట్ల వివరాలు క్లయింట్‌కు చేరేది, బూట్ మొదట్లో అది సర్వర్ నుంచి తెచ్చుకునే ఇనిట్ఆర్‌డీ అనే చిన్న ఫైలుతో. అకౌంట్ చేర్చినా, కాన్ఫిగ్ ఫైలు మార్చినా ‘ఎల్‌టీఎస్‌పీ ఇనిట్ఆర్‌డీ’ కమాండ్ ఇచ్చి, క్లయింట్లను రీబూట్ చేయాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే ఈ కమాండ్‌కు ముందు ‘ఎల్‌టీఎస్‌పీ ఇమేజ్’ కూడా ఇవ్వాలి. పాత ఇమేజ్ పక్కనే ‘ఓల్డ్’ పేరుతో మిగులుతుంది, కొత్తది మొరాయిస్తే పేరు మార్చి వెనక్కి వెళ్లొచ్చు. ఈ పని పిల్లలు లేనప్పుడే, శనివారం సాయంత్రం పెట్టుకోండి.

యూజర్‌నేమ్ అడ్మిషన్ నంబరుతో ఇవ్వండి, రోల్ నంబరుతో వద్దు. రోల్ నంబరు ఏటా మారుతుంది, నిరుటి ఎనిమిదో తరగతి ఫైళ్లు ఇంకొకరి పేర కనిపిస్తాయి.

హోమ్ ఫోల్డర్లు సర్వర్ నుంచి మామూలుగా ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) మీద వస్తాయి. భద్రంగా ఉంటుంది కానీ 30 మంది ఒకేసారి ఫైర్‌ఫాక్స్ తెరిస్తే నత్తనడకే. ఎన్ఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతికి మారిస్తే వేగం తేడా కంటికి తెలుస్తుంది. కాకపోతే మామూలుగా దానిలో ఎన్‌క్రిప్షన్ ఉండదు, కాబట్టి ల్యాబ్ నెట్‌వర్క్‌ను స్టాఫ్ వైఫైతో కలపకూడదు. సర్వర్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు వేసి ల్యాబ్‌ను విడిగా ఉంచడమే మేలు. అలా విడదీస్తే ఇంకో తలనొప్పీ తగ్గుతుంది: ఎవరో ఒకరు వైఫై రౌటర్ తెచ్చి ల్యాన్ పోర్టును గోడ సాకెట్‌కు గుచ్చుతారు, అదీ ఐపీలు పంచడం మొదలుపెట్టి సగం సీట్లు బూట్ కావు.

క్లాసును గమనించే సాఫ్ట్‌వేర్ ఎపాప్టెస్ ఈ ఏర్పాటులో అన్నిటికంటే నచ్చిన భాగం. 30 తెరలూ టీచర్ ముందు చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి, పాఠం చెప్పేటప్పుడు అన్నీ ఒక్క క్లిక్‌తో లాక్ అవుతాయి, చివర్లో అన్నీ ఒకేసారి ఆఫ్. టీచర్ అకౌంట్‌ను ఎపాప్టెస్ గ్రూపులో చేర్చాలి, లాగిన్ సెషన్ ఎక్స్‌ఆర్గ్ (తెర మీద బొమ్మ చూపే పాత పద్ధతి)లో ఉండాలి. ఇదే సర్వర్‌లో ఆఫ్‌లైన్‌లో చదివించే కీవిక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి తెలుగు వికీపీడియా మొత్తం దించుకుంటే ఇంటర్నెట్ లేని రోజు కూడా ప్రాజెక్టు పని సాగుతుంది.

రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు. పొరపాటున చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రెండు యూఎస్‌బీ డిస్కులు, వారం మార్చి వారం. వాడనిది హెచ్‌ఎం గారి బీరువాలో ఉండాలి. టర్ముకోసారి ఒక ఫోల్డర్‌ను వెనక్కి తెచ్చి, ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో చూడాలి.

వైఫై ల్యాప్‌టాప్‌లతో ల్యాబ్ నడిపే బడికి ఇది పనికిరాదు, బూటింగ్‌కు కేబుల్ ఉండాల్సిందే. ట్యాలీ నేర్పాలన్నా విండోస్ కావాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ప్రశ్నపత్రాలు ఇక్కడ గజిబిజి అక్షరాలుగా తెరుచుకుంటాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. కొత్తవన్నీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్‌లో కొట్టించడం మొదలుపెట్టి, పాతవాటి కోసం స్టాఫ్‌రూమ్‌లో ఒక్క విండోస్ సిస్టమ్ ఉంచుకోండి.