కృష్ణానగర్ గల్లీలో చిన్న డబ్బింగ్ థియేటర్: 11 రోజులు పనిచేశాక నా రివ్యూ

నేను అసోసియేట్ డైరెక్టర్‌ని, మా సినిమాకి డబ్బింగ్ మొత్తం నేనే చూసుకున్నా. ముందు వేరే చోట మొదలుపెట్టాం, పేరు చెప్పను. గాజు తలుపులు, సోఫాలు అన్నీ ఉన్నాయ్ గానీ మా ఎడిట్ సెకనుకి 24 ఫ్రేమ్స్‌లో ఉంటే వాళ్లు సెషన్ (రికార్డింగ్ ప్రాజెక్ట్ ఫైల్) 23.976లో ఓపెన్ చేశారు, చిన్న సీన్ అయితే తేడా తెలీదు, 20 నిమిషాల రీలు చివరికొచ్చేసరికి సెకను పైనే జరిగిపోయింది, పెదాలొకచోట మాటొకచోట. నాలుగు రోజుల పని లైను లైనుకీ కూర్చుని సరిచేసుకోవాల్సొచ్చింది.

ఇక్కడ ఫోన్ చేయగానే ఇంజినీర్ అన్న అడిగిన మొదటి మాటే "ఫ్రేమ్ రేట్ ఎంత?" అని. అప్పుడే సగం నమ్మకం వచ్చేసింది.

రూమ్ చిన్నది, మైకు న్యూమన్ యు87, సెషన్ ప్రోటూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఇవి చాలాచోట్ల ఉంటాయ్, కానీ ఆ అన్న చెవి మాత్రం అన్నిచోట్లా దొరకదు. మా హీరోయిన్‌కి తెలుగు రాదు, షూటింగ్‌లో "నువ్వు వెళ్లిపో" అని చెప్పింది, తర్వాత ఎడిట్‌లో కథ మారి అక్కడ ఉండమని చెప్పాలి. ఆమెకి గొంతిచ్చే డబ్బింగ్ ఆర్టిస్ట్ అక్కతో "ఇక్కడే ఉండు" అని చెప్పిస్తే పెదాలకి అస్సలు కూర్చోవట్లేదు, ఎందుకంటే చివర్లో క్లోజప్‌లో పెదాలు మూసుకుంటున్నాయ్. ప, బ, మ వచ్చినచోట పెదాలు కలవకపోతే జనం ఇట్టే పట్టేస్తారు. అరగంట కొట్టుకున్నాం. అన్న బొమ్మని మ్యూట్‌లో రెండుసార్లు తిప్పి "అక్కా, నాతో ఉండిపో అను" అన్నాడు. అంతే, అక్షరాలు అన్నే, చివర ఆ "పో" కరెక్ట్‌గా పెదాల మీద పడింది, ఆవిడ చెప్పిన రెండో టేకే ఓకే. నాకు ఒళ్లు జలదరించింది నిజంగా.

ఇంకోటి, నాకు బాగా నచ్చింది. సంత సీన్‌కి క్రౌడ్ వాయిస్‌లకి ఎనిమిది మందిని పిలిచాం. వాళ్లని మెట్ల మీద గంటలు గంటలు కూర్చోబెట్టి చివర్లో పిలవడం నేను చాలాచోట్ల చూశా. రోజుకి రెండు మూడు చోట్ల చెప్తే తప్ప వాళ్లకి గిట్టుబాటు కాదు. ఇక్కడ పొద్దున్నే ముందు వాళ్ల లూపులే పెట్టి పంపించేశారు (లూపంటే ఒక్కోసారి డబ్బింగ్ చెప్పే ముక్క, రీలు ముక్కని చుట్టలా అతికించి తిప్పిన రోజుల నాటి మాట, ఇప్పటికీ లూపు అనే అంటాం), పేమెంట్ కూడా వెళ్లేముందే ఇప్పించమని మా మేనేజర్‌కి అన్నే చెప్పాడు.

ఇబ్బందులూ ఉన్నాయ్. ఏసీ సౌండ్ మైకులో పడుతుందని ప్రతి టేక్‌కీ ఆపేస్తారు, ఏడుపు సీన్లు, అరుపుల సీన్లు చెప్పేవాళ్లు తడిసి ముద్దవుతారు, ఓనర్ దీనికి ఏదో ఒకటి చేయాలి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, పెద్దవయసు ఆర్టిస్టులకి కష్టం. వినాయకచవితి రోజుల్లో మాత్రం సాయంత్రం స్లాట్ తీసుకోకండి, డప్పుల సౌండ్ గోడలు దాటి వస్తుంది.

ఫైల్స్ మాత్రం క్యారెక్టర్‌కి ఒక ట్రాక్ చొప్పున పేర్లు రాసి, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్‌లో, పైలట్ (షూటింగ్‌లో రికార్డైన సౌండ్) ట్రాక్‌తో కలిపి హార్డ్‌డిస్క్‌లో వేసిచ్చారు. మిక్సింగ్‌లో ఒక్క ఫోన్ కూడా చేయాల్సిన అవసరం రాలేదు. 5కి 4 స్టార్లు, ఆ ఒక్కటీ ఏసీకి తగ్గించా.