డోర్సెట్‌లో ఎచెస్ కలెక్షన్: 15 కోట్ల ఏళ్ళ నాటి సముద్ర జంతువుల పళ్ళ కోసం వెళ్ళండి

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూసి పెరిగిన పిల్లలకు జురాసిక్ అంటే నేల మీద తిరిగే పొడుగు మెడ జంతువులే. ఆ కాలంలో సముద్రంలో ఏం జరిగిందో చూపించే చోటు ఏదని ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు అడిగితే, నేను కిమ్మెరిడ్జ్ పేరే చెబుతాను. దక్షిణ తీరంలో డోర్సెట్ జిల్లాలో ఉన్న చిన్న పల్లె అది. అక్కడి మ్యూజియం పేరు ఎచెస్ కలెక్షన్. కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు బోర్డు మీద గీసి చూపించిన జంతువుల అసలు ఎముకలను అంత దగ్గరగా చూడటం నాకు పెద్ద సంతోషం.

మ్యూజియం పెద్దదేమీ కాదు. స్టీవ్ ఎచెస్ అనే ప్లంబర్ ఆ తీరం వెంబడి దశాబ్దాల పాటు ఏరి, రాయి నుంచి విడదీసి, శుభ్రం చేసిన శిలాజాలు ఇవి. 2016లో వీటికోసమే ఈ భవనం కట్టి తెరిచారు. ఎముకల మీద మట్టి తొలగించే వర్క్‌షాప్ కూడా లోపలే ఉంది, పని జరిగే చోటును అద్దంలోంచి చూడొచ్చు. పైకప్పు మీద ఆనాటి జీవులు ఈదుతున్నట్టు బొమ్మలు కదులుతుంటాయి. పిల్లలు అక్కడే మెడలెత్తి నిలబడిపోతారు, కాసేపు వదిలేయండి.

నాకు నచ్చిన అసలు విషయం వేరే. ఇక్కడ ఉన్నవన్నీ ఒకే రాతివి, కిమ్మెరిడ్జ్ క్లేవి. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట అది సముద్రం అడుగున పేరుకున్న బురద. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండేది, అందుకే చచ్చి కిందపడ్డ జంతువును పీక్కుతినే జీవులూ తక్కువే. ఎముకలు అందుకే ఇంత చక్కగా నిలిచాయి. నార్త్ సీ చమురులో చాలా భాగం కూడా ఈ కాలపు బురద నుంచి పుట్టిందే. అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లల్లో బతికిన, స్క్విడ్‌ల బంధువులు), వాటి గుడ్లు, చేపలు, ఇక్తియోసార్లు (డాల్ఫిన్ ఆకారపు సముద్రపు సరీసృపాలు), సముద్రపు మొసళ్ళు, వాటన్నిటినీ తినగలిగే ప్లియోసార్ (పెద్ద తల, పొట్టి మెడ ఉన్న సముద్రపు సరీసృపం) అన్నీ ఒకే గదిలో కనిపిస్తాయి. ఎవరు ఎవర్ని తిన్నారో మీరే ఊహించుకోవచ్చు.

ప్లియోసార్ పుర్రె దగ్గర మాత్రం తొందరపడకండి. 2022లో ఫిల్ జాకబ్స్ అనే ఆయనకు దాని మూతి కొస తీరంలో దొరికింది. మిగతా పుర్రె అప్పటికి ఇంకా కొండచరియలోనే ఉంది. తాళ్ళకు వేలాడుతూ తవ్వి బయటికి తీశారు. సుమారు 2 మీటర్ల పొడవు, 130 పళ్ళు. "తాతా, ఒక్క నోటికి ఇన్ని పళ్ళెందుకు?" అని మా మనవరాలు అడిగింది. సముద్రపు సరీసృపాల చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎందుకంటే ఈ సముద్రంలో అంతకుముందు కాపురం ఉన్న జంతువులు వేరు. సుమారు 16 కోట్ల ఏళ్ళ కిందటి ఆక్స్‌ఫర్డ్ క్లే అనే పాత బురద రాతి శిలాజాలు పీటర్‌బరో దగ్గర ఇటుకల కోసం మట్టి తవ్విన గోతుల్లో బయటపడ్డాయి. ఆల్‌ఫ్రెడ్ లీడ్స్ సేకరించిన వాటిలో కొన్నిటిని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చూడొచ్చు. క్రిప్టోక్లైడస్ లాంటి పొడుగు మెడవాళ్ళకు, సన్న మూతి మొసళ్ళకు సూదుల్లాంటి పళ్ళు. చిన్న చేపలను పట్టుకోవడానికి అవి చాలు. 2018లో డావిడే ఫోఫా, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని ఆయన సహచరులు 1.8 కోట్ల ఏళ్ళ కాలపు పళ్ళను ఆకారాన్ని బట్టి గుంపులుగా విడగొట్టి చూశారు. సముద్రమట్టం పెరిగి నీరు లోతయ్యే కొద్దీ, తీరం దగ్గర సన్న పళ్ళతో చేపలు పట్టేవి తగ్గిపోయాయి. లోతు నీళ్ళలో పెద్ద వేటను కోసి తినేవి, గట్టివాటిని నమిలేవి పెరిగాయి. ప్లియోసార్, డకోసారస్ లాంటి మొసళ్ళు ఆ రెండో రకానివి. లోతు పెరగడంతో ఒకరి తిండి పోయింది, ఇంకొకరికి తిండి దొరికింది.

అందుకే నా సలహా: ముందు లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ క్లే పళ్ళు చూసి, తర్వాత కిమ్మెరిడ్జ్ రండి. అప్పుడు ఈ పుర్రె ఒక పెద్ద ఎముకలా కాక, మారిన సముద్రానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. ఎచెస్ గారి పేరుతోనే 2020లో నామకరణం చేసిన చిన్న ఇక్తియోసార్, థలస్సోడ్రాకో ఎచెసీని కూడా తప్పక చూడండి. అదే కాలంలో అంత పెద్ద వేటగాడి పక్కన అది కూడా బతికింది.

మనకు ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఊరి పేరుతోనే పిలిచే ఆ కాలానికి చెందిన ఇక్తియోసార్ ఒకటి గుజరాత్‌లోని కచ్‌లో, లోడాయి ఊరి దగ్గర బయటపడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి ప్రసాద్ బృందం 2017లో దాని గురించి ప్రచురించింది. సుమారు 5.5 మీటర్ల జంతువు. భారతదేశంలో దొరికిన జురాసిక్ ఇక్తియోసార్లలో ఇదే మొదటిది. ఇంగ్లండ్ నీళ్ళలో తిరిగిన వాటికి బంధువు. అంటే అప్పట్లో రెండు చోట్ల మధ్య సముద్రపు దారి ఉండేదన్నమాట. అద్దాల ముందు నిలబడి నేను ఇదంతా మనవరాలికి చెబుతుంటే పక్కనున్న ఇంగ్లీష్ దంపతులు కూడా ఆగి, కచ్ ఎక్కడుందని అడిగారు.

ఇక ఉపయోగపడే మాటలు. కారు లేకపోతే అక్కడికి చేరడం కష్టం. మ్యూజియం నుంచి కిందికి బీచ్‌కు వెళ్ళే దారికి విడిగా టోల్ కట్టాలి, కానీ ఆ నల్లటి రాతి పొరలు చూడకుండా రాకండి. ఆటుపోట్ల సమయం ముందే చూసుకోండి. కొండచరియ కిందికి పిల్లల్ని వెళ్ళనివ్వకండి, రాళ్ళు జారిపడతాయి. సుత్తి తీసుకెళ్ళొద్దు, అది రక్షిత తీరం. సాయంత్రం టైమ్ మిగిలితే డార్చెస్టర్‌లోని డోర్సెట్ మ్యూజియంకు వెళ్ళండి. వేమౌత్ బే దగ్గర దొరికిన ఇంకో ప్లియోసార్ పుర్రె అక్కడుంది, 2.4 మీటర్లది. ఒకే రోజు రెండూ చూడాలంటే పొద్దున్నే బయల్దేరాలి.