పదేళ్ల టెర్మినల్ వాడకంలో నన్ను ఏడిపించింది ఒక్క బాణం గుర్తే

ఉబుంటు లైనక్స్‌కి మారి పదేళ్లు దాటింది. కొత్త ఫైల్ కావాలంటే నా చెయ్యి మౌస్ మీదికి పోదు, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ మీదికే పోతుంది. అందరిలాగే నేనూ టచ్ (touch) అనే కమాండ్‌తో మొదలుపెట్టా. నిజానికి దాని అసలు పని ఫైల్ టైమ్ మార్చడం. ఆ పేరుతో ఫైల్ లేకపోతే ఖాళీది ఒకటి పెట్టేస్తుంది, ఉంటే లోపల ఒక్క అక్షరం కూడా కదిలించదు. కళ్లు మూసుకుని కొట్టొచ్చు.

కమాండ్ ఇచ్చే ఫలితాన్ని ఫైల్లోకి పంపే బాణం గుర్తు > అలా కాదు. చెల్లి పెళ్లికి పిలవాల్సిన నాలుగు వందల పేర్లను అక్షర క్రమంలో పెడదామని సార్ట్ (sort) కమాండ్ కొట్టి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఫైల్లోకి > తో పంపా. తెరిచి చూస్తే సైజు 0. తప్పు సార్ట్‌ది కాదు. మనం కొట్టిన కమాండ్లని నడిపే షెల్ ముందు ఆ ఫైల్‌ని ఖాళీ చేసి, తర్వాతే సార్ట్‌ని పిలుస్తుంది. అది వచ్చేసరికి చదవడానికి ఏం మిగిలింది? అమ్మ డైరీ ముందేసుకుని రాత్రంతా మళ్లీ టైప్ చేశా. సార్ట్‌కి అదే ఫైల్లోకి రాసే ఆప్షన్ విడిగా ఉందని తర్వాత తెలిసింది.

మర్నాడే నా షెల్ బాష్‌లో, ఉన్న ఫైల్ ఇలా చెరిగిపోకుండా ఆపే నోక్లాబర్ (noclobber) సెట్టింగ్ ఆన్ చేశా. ఇప్పుడు ఉన్న ఫైల్ మీదికి > కొడితే కుదరదంటుంది. తెలిసే చెరపాలనుకుంటే >| కొట్టాలి. చివర కలిపే >> కి ఈ గొడవేం లేదు.

నాలుగైదు లైన్ల ఫైల్‌కి క్యాట్ (cat) కమాండ్‌తో హియర్‌డాక్‌ని, అంటే ముగింపు మాట వచ్చేదాకా టైప్ చేసిందంతా ఫైల్లోకి పంపే పద్ధతిని, మించింది లేదు. ముగింపు మాట మన ఇష్టం, నేను 'అంతే' అని పెడతా. కాకపోతే ఆ మాటకి కోట్స్ పెట్టడం మర్చిపోకూడదు. ఓసారి మర్చిపోతే, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సెట్టింగ్స్ ఫైల్లో $ తో మొదలయ్యే పేర్లన్నిటినీ షెల్ తన వేరియబుల్స్ అనుకుని తుడిచిపెట్టింది.

అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో (sudo) పెట్టి, ఇచ్చిన మాటని అలాగే చూపించే ఎకో (echo) కొట్టినా సిస్టమ్ ఫైల్లోకి > పనిచేయదు, ఎందుకంటే ఆ ఫైల్ తెరిచేది సుడో కాదు, మన షెల్. దానికి, వచ్చినదాన్ని తానే ఫైల్లో రాసే టీ (tee) కమాండ్‌ని సుడోతో వాడాలి.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టడం నాకో సరదా. లైనక్స్ డిస్క్ మీద ఫైళ్లని దాచే పద్ధతి ఈఎక్స్‌టీ4లో (ext4) పేరుకి హద్దు 255 బైట్లు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 'క' ఒక్కటే 3 బైట్లు, 'క్షే' అయితే 12. ఓసారి నాన్న చెప్పిన సామెత మొత్తం పేరుగా పెట్టబోతే, పేరు మరీ పొడుగైందని టచ్ కూడా చేతులెత్తేసింది.