గోటికి తగలని అతుకు

అమెరికాలో నవాజో ఆదివాసులు రాళ్లు పొదిగి చేసే వెండి నగలు చూడడానికి వెళ్లాం. ఆరిజోనాలోని ఫీనిక్స్ నుంచి న్యూమెక్సికోలోని గాలప్‌కు కారులో దాదాపు ఐదు గంటలు. వేసవిలో వెళ్లేవారు ముందు గడియారం సరిచూసుకోవాలి. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు. అదే రాష్ట్రంలో నవాజోల స్వపరిపాలన ప్రాంతమైన నవాజో నేషన్‌లో మాత్రం ఒక గంట ముందుకు జరుపుతారు. అది మరచిపోయి, అక్కడి గనాడో ఊరి దగ్గర ఉండే ఒక నగల పనిమంతుడి ఇంటికి గంట ఆలస్యంగా చేరాం.

అరవై దాటిన ఆయన కోపగించుకోలేదు. నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లారు. వెండి కరిగించడం మేనమామ దగ్గర నేర్చుకున్నారట. రాళ్లు పొదగడం తర్వాత సొంతంగా పట్టుబడింది. టర్కాయిస్ అనే నీలిరాయి ముక్కను నీళ్లు చిమ్మే వజ్రపు రంపంతో కోసి, పక్క ముక్క అంచుకు సరిపోయేదాకా సాన పట్టారు. వెండి గోడల మధ్య పొదిగితే చిన్న తేడాలు కనబడవు. రాయి పక్కన రాయి ఆనించే పనిలో దాచడానికి చోటే లేదు. ఆయన చేతిలోని పతకంలో తూర్పుకు తెల్ల గవ్వ, దక్షిణానికి టర్కాయిస్, పడమరకు అబలోనీ చిప్ప, ఉత్తరానికి జెట్ అనే నల్లరాయి. గోరు పెట్టి గీశాను, అతుకు తగలలేదు.

ఆరిజోనాలోని గ్లోబ్ పట్టణం దగ్గరి స్లీపింగ్ బ్యూటీ గనిలో టర్కాయిస్ తవ్వకం 2012లో ఆగిపోయింది. ఆ ఆకాశనీలపు రాయిని ఆయన డబ్బాలో దాచుకుని పొదుపుగా వాడుతున్నారు.

గాలప్‌లో రైలుపట్టాల పక్కన ఒక చవక మోటల్‌లో దిగాం. రాత్రంతా గూడ్సు రైళ్ల కూతలే. పట్టాలకు దూరంగా గది తీసుకోండి. దుకాణాలు లెక్కలేనన్ని ఉన్నా, ధర తగ్గించే తొందరలో రాయి సహజమైనదా, జిగురు పట్టించినదా చెప్పనివారు ఎదురయ్యారు. చేసినవారి పేరు, తెగ, రాయి వివరం రసీదుపై రాయించుకోండి. పరాయి సరుకును ఆదివాసుల పనిగా అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. గనాడోలోని పాత వర్తక దుకాణం హబ్బెల్ ట్రేడింగ్ పోస్టును 1878లో హబ్బెల్ అనే వ్యాపారి కొన్నాడు. అక్కడ నాకు నమ్మకం కలిగింది, ధర మాత్రం ఎక్కువే అనిపించింది.

శాకాహారులు అక్కడి ఫ్రై బ్రెడ్ అనే వేయించిన రొట్టెను ఏ కొవ్వులో వేయించారో అడగాలి.

గనాడోలో ఆ పనిమంతుడి ఇంటి నుంచి బయలుదేరే ముందు మా ఆవిడ మెడలోని పగడాన్ని ఆయన చాలాసేపు చూశారు. మధ్యధరా సముద్రపు పగడం తాము కూడా వాడతామన్నారు. అలాంటి పగడంతోనే ఉంగరం చేయమని చెప్పి వచ్చాం. ఆరు వారాలు పడుతుందట.