ఐస్ రోడ్ ట్రక్కర్స్: బండి నడిపేవాళ్ల లెక్కలో ఎంత నిజం, ఎంత మసాలా

గడ్డకట్టిన చెరువుల మీద, మంచు దారుల్లో లారీలు నడిపేవాళ్ల మీద హిస్టరీ ఛానల్ 2007 జూన్‌లో మొదలుపెట్టి 2017 దాకా పదకొండు సీజన్లు నడిపిన రియాలిటీ షో ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’ని లారీ పని తెలిసినవాళ్లు చూస్తే ఒక తేడా వెంటనే దొరుకుతుంది. చలి బండిని ఏం చేస్తుందో చూపించినంత వరకు షో నిజమే చెప్పింది. ప్రమాదం ఎక్కడ ఉందో చెప్పడంలోనే దారి తప్పింది.

టైటిల్స్‌లో మంచు పగిలి ట్రక్కు నీళ్లలోకి దిగిపోయే దృశ్యం ఉంది కదా, అది స్టూడియోలో చిన్న బొమ్మ ట్రక్కుతో తీసింది. మొదటి సీజన్ అంతా ఆ భయం మీదే నడిపారు. కానీ ఆ సీజన్‌లో చూపించిన రోడ్డు ప్రపంచంలోనే గట్టి లెక్కతో నడిచే రోడ్లలో ఒకటి. కెనడాలో యెల్లోనైఫ్ నుంచి ఎకాటి, డయావిక్ వజ్రాల గనులకు పోయే టిబ్బిట్-కాంట్వోయిటో దారి అది. చాలా భాగం గడ్డకట్టిన చెరువుల మీదే పోతుంది, మధ్యలో నేల ముక్కలు తగులుతుంటాయి. ఏడాదిలో రెండు నెలలు, అంతకు కొంచెం అటూ ఇటూ, అంతే తెరిచి ఉంటుంది. గనికి ఏడాదికి సరిపడా డీజిల్, సిమెంటు, టైర్లు ఆ కొద్ది రోజుల్లోనే చేరాలి. 2007లో పది వేలకు పైగా లోడ్లు పోయాయి.

మంచు ఎంత బరువు మోస్తుందనేది గుడ్డి ధైర్యంతో తేల్చే విషయం కాదు. మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నాలుగుతో గుణిస్తే కిలోల్లో లెక్క వస్తుంది. ఈ జాగ్రత్త లెక్కన 50 సెంటీమీటర్ల మంచు 10 టన్నులు మోస్తుంది, మీటరు మంచు 40 టన్నులు మోస్తుంది. మందం రెట్టింపైతే మోసే బరువు నాలుగు రెట్లవుతుందన్నమాట. ఇది గట్టి నీలి మంచుకే చెల్లుతుంది. పైన పడిన మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల పొరని సగమే లెక్కేస్తారు. రాడార్ లాగుతూ మందం కొలిచే బండ్లు ముందు పోతాయి. పైన పడిన మెత్తటి మంచుని ఎప్పటికప్పుడు నెట్టేస్తారు, ఎందుకంటే అది దుప్పటి కప్పినట్టు చలిని కిందికి పోనివ్వదు. పలుచగా ఉన్నచోట నీళ్లు పంపు చేసి పైపొర పెంచుతారు. షోలో ఈ పని అక్కడక్కడ ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. అసలు రోడ్డుని నిలబెట్టేది ఈ పనే.

ఇక వేగం. షో మొత్తంలో పెద్ద అబద్ధం ఇక్కడే ఉంది. ఎవరు ఎన్ని లోడ్లు కొట్టారని స్కోరు పెట్టి, ఒకరి మీద ఒకరు పందెం కాస్తున్నట్టు చూపించారు. లోడు బండికి ఆ చెరువుల మీద గంటకు 25 కిలోమీటర్లు దాటొద్దని నియమం. బండ్లను కొన్ని కొన్ని చొప్పున వదులుతారు, బండికీ బండికీ మధ్య దూరం పాటించాల్సిందే. ఓవర్‌టేక్ చేసి ముందుకెళ్లి ఎక్కువ లోడ్లు కొట్టే వీలే తక్కువ.

ఆ 25 ఎక్కడి నుంచి వచ్చిందో షో సరిగా విడమరిచి చెప్పి ఉంటే ఏ పందెం కన్నా అదే ఉత్కంఠగా ఉండేది. మంచు నీళ్ల మీద తేలుతుంది. బండి బరువుకి దాని కింద మంచు గిన్నెలా కొద్దిగా వంగుతుంది, ఆ పల్లం బండితోపాటే జరుగుతుంది. దానితో కింద నీళ్లలో ఒక అల పుడుతుంది. లోతు తక్కువ నీళ్లలో అల వేగం లోతుని బట్టి ఉంటుంది: 5 మీటర్ల లోతులో గంటకు దాదాపు 25 కిలోమీటర్లు, 2 మీటర్లలో దాదాపు 16. బండి వేగం, అల వేగం ఒకటైతే అల పెరిగి మంచుని కిందినుంచి లేపి పగలగొడుతుంది. అందుకే ఒడ్డు దగ్గరపడే కొద్దీ, అంటే లోతు తగ్గే కొద్దీ, వేగం ఇంకా తగ్గించాలి. ఒడ్డుకి ఎదురుగా నేరుగా కాకుండా వాలుగా ఎక్కేలా దారి వేస్తారు, కొట్టి తిరిగొచ్చిన అల బండి కిందికే రాకుండా. అలాగని మంచు మీద లోడు బండిని చాలాసేపు ఆపి ఉంచినా తప్పే. నిలబడ్డ బరువు కింద మంచు మెల్లగా కుంగుతూ పోతుంది.

మంచు పగిలే చప్పుడుకి ప్రతిసారీ భయపెట్టే సంగీతం పెట్టారు. చలికి మంచు కుంచించుకుపోతూ చీలడం మామూలే, పొడి చీలిక పెద్ద ప్రమాదం కాదు. చీలికలోంచి నీళ్లు పైకి వస్తేనే ఆగాలి, వెనకవాళ్లకి రేడియోలో చెప్పాలి.

మూడో సీజన్ నుంచి అలాస్కా డాల్టన్ హైవే వచ్చాక షో మెరుగైంది. 666 కిలోమీటర్ల రోడ్డు, చాలావరకు కంకర, 1,444 మీటర్ల ఎత్తున అటిగన్ కనుమ. దారిలో కోల్డ్‌ఫుట్ అనే మజిలీ దాటాక 380 కిలోమీటర్లకు పైగా బంకు గానీ, మెకానిక్ షెడ్డు గానీ ఉండవు. ఈ దారి పక్కనే ప్రాస్పెక్ట్ క్రీక్‌లో 1971 జనవరిలో మైనస్ 62 డిగ్రీలు నమోదైంది. కొండ ఎక్కే ముందు, దిగే ముందు లోడు బండి రేడియోలో తన జాడ చెప్పడం, టైర్లకి గొలుసులు కట్టడానికి చలిలో పడే తిప్పలు, రాత్రంతా ఇంజన్ ఆపకుండా ఉంచడం, ఇవన్నీ షోలో ఉన్నది ఉన్నట్టే ఉన్నాయి.

బ్రేకుల సంగతైతే మన డ్రైవర్లంతా చూడాల్సిందే. లారీ బ్రేకులు పనిచేయించే గాలి ట్యాంకులో చేరే తేమ నీళ్లవుతుంది. మనకాడ దాన్ని రోజూ డ్రెయిన్ చేయకపోతే వాల్వులు తుప్పు పడతాయి, అంతే. అక్కడ అదే నీళ్లు వాల్వులోనే గడ్డకట్టి బ్రేకు పట్టదు, లేదా వదలదు. అందుకే లైన్లలో ఆల్కహాల్ పోస్తారు. చక్రంలోని బ్రేకు డ్రమ్ము వేడిగా ఉండగా బండి ఆపితే మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, డ్రమ్ముని పట్టే లైనర్ దానికి అతుక్కుపోతుంది. ఒకచోట డ్రైవర్ సుత్తి పట్టుకుని బండి కిందికి దూరి, ఒక్కో డ్రమ్మునీ కొట్టి విడిపిస్తుంటాడు. ఆ చక్రం విడవకుండానే బండి లాగితే టైరు తిరగదు, ఒకేచోట అరిగి పగులుతుంది. సంగీతం లేకుండా ఆ పనిని నిదానంగా చూపించిన ఘట్టాలే షోకి ప్రాణం.

జారుడు విషయంలో మాత్రం షో తలకిందులుగా చెబుతుంది. చలి పెరిగే కొద్దీ రోడ్డు ఇంకా జారుతుందన్నట్టు వాయిస్ ఓవర్ నడుస్తుంది. మైనస్ 30, 40లలో మంచు పొడిగా ఉంటుంది, టైరుకి పట్టు ఉంటుంది. సున్నా దగ్గరికి వచ్చి పైన సన్నటి నీటి పొర చేరినప్పుడే ఎక్కువ జారుతుంది. వేసవి పోయాక తొలి వాన పడ్డ విజయవాడ హైవే ఎట్లా ఉంటుందో అట్లాంటిది.

ట్రాలీ అడ్డం తిరిగి క్యాబిన్ మీదికి మడతపడటం చాలాసార్లు చూపించారు, ఎందుకు జరిగిందో చెప్పింది తక్కువ. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగదారిని మూసి వేగం తగ్గించే బ్రేకు) మీద దింపడం మనకి అలవాటు. పొడి తారు మీద అదే సరైన పద్ధతి. మంచు మీద అదే ఎగ్జాస్ట్ బ్రేకు ఇంజన్ తిప్పే చక్రాలనే పట్టేస్తుంది, వెనక 30 టన్నుల ట్రాలీ నెట్టుకొస్తుంది, క్యాబిన్ పక్కకు తిరుగుతుంది. అప్పుడు బ్రేకు ఇంకా తొక్కకూడదు. బ్రేకు వదిలి, చక్రాలు మళ్లీ తిరిగేలా చూసి, కొద్దిగా రేసు ఇచ్చి ట్రాలీని లాగాలి. దిగకముందే గొలుసులు కట్టుకోవడమే అసలు మందు.

2010లో దీనికి తోక షోగా ‘డెడ్లియెస్ట్ రోడ్స్’ అని అమెరికా, కెనడా డ్రైవర్లను హిమాచల్‌కి తెచ్చారు. ఎదురొచ్చే ప్రతి బస్సునీ చావులా చూపించిన ఆ సీజన్ మనవాళ్లకి నచ్చకపోవడంలో వింత లేదు. లోయ అంచున బండి వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ దిగి లారీ బాడీ మీద కొట్టే దెబ్బే డ్రైవర్‌కి కన్ను. ఆ పనికి షో ఇవ్వాల్సిన చోటు ఇవ్వలేదు. సమయం ఉంటే ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’ మూడో సీజన్ చూడండి, దీన్ని వదిలేయండి.

ఇది మనకెందుకు అనుకునేవాళ్లకి ఒక మాట. జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు హైవే మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. బాటసింగారం మార్కెట్‌కి వచ్చే కశ్మీర్ ఆపిల్ ఆ దారినే దిగుతుంది. జనవరిలో అటు లోడు ఒప్పుకునేవాళ్లు షోలోని డీజిల్ ఘట్టాలను శ్రద్ధగా చూడాలి. చలికి డీజిల్‌లోని మైనం విడిపోయి ముందు ఫిల్టర్‌ని మూసేస్తుంది: బండి స్టార్ట్ అవుతుంది, కాసేపు నడుస్తుంది, లోడు మీద ఎక్కుతుంటే పడిపోతుంది. మన బంకుల్లో దొరికే డీజిల్ అంత చలికి చేసింది కాదు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ విడిగా తెచ్చింది అందుకే. కొండ ఎక్కేముందు ఇక్కడి డీజిల్ ట్యాంకు అడుక్కి వచ్చేలా చూసుకుని చలి ప్రాంతపు బంకులోనే నింపాలి, ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీసేయాలి, కొత్త ఫిల్టర్ ఒకటి క్యాబిన్‌లో ఉంచుకోవాలి. ట్యాంకు కింద గుడ్డలు కాల్చి మంట పెట్టే అలవాటు అస్సలు వద్దు, వేడినీళ్లు ఫిల్టర్ మీద పోస్తే చాలు. కొత్త కాలుష్య నియమాల బీఎస్ 6 బండ్లలో పొగని శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రవం మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి ఆ ట్యాంకుని మూత దాకా నింపకుండా కాస్త ఖాళీ ఉంచాలి.