వర్డ్ ప్రాసెసర్‌లో మసక అక్షరాలు: క్లియర్‌టైప్, స్కేలింగ్, తెలుగు ఫాంట్లు చాలాకాలం వాడి చూశాక

తెలుగు టైప్ చేయడం, టైప్ చేసింది దిద్దడం నా రోజువారీ పని. తెరమీద అక్షరం మసకగా ఉంటే కళ్లు లాగడం ఒక్కటే కాదు, తప్పులు కూడా కంటబడవు. ద కింద చిన్న గీత పడితే ధ, ప కింద పడితే ఫ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైనుండే చిన్న మెలికే. మామూలు 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) తెరమీద 11 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు దాదాపు 15 పిక్సెళ్లు. తలకట్టు, అక్షరం, కింద వత్తు అన్నీ కాస్త అటూ ఇటూగా అందులోనే సర్దుకోవాలి. కొంచెం అలుక్కుపోయినా ‘విధి’ ఏదో ‘విది’ ఏదో తేల్చుకోలేం.

సెట్టింగులు మార్చే ముందు మసక ఎక్కడ పుడుతోందో తెలుసుకోవాలి. దానికి నేను చేసే పరీక్ష ఇది. మసకగా ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఇంకో మంచి తెరమీద 100 శాతం సైజులో తెరిచి చూస్తాను. అక్కడ తేటగా ఉంటే తప్పు మానిటర్‌ది లేదా కేబుల్‌ది. అక్కడా మసకగానే ఉంటే సాఫ్ట్‌వేర్‌ది. చాలామంది ఈ పని చేయకుండానే ఫాంట్లు మార్చుకుంటూ కూర్చుంటారు, అనవసరంగా టెన్షన్ పడతారు.

మానిటర్ సంగతి తొందరగానే తేలుతుంది. 1920×1080 ప్యానెల్‌ని అదే రిజల్యూషన్‌లో నడపాలి. తక్కువ పెడితే ప్రతి అక్షరాన్నీ సాగదీసి చూపిస్తుంది, ఆపైన ఏ చిట్కా పనిచేయదు. పాత వీజీఏ కేబుల్ ఉంటే మార్చేయండి. టీవీని మానిటర్‌గా వాడుతుంటే అందులో పీసీ మోడ్ ఉందేమో చూడండి. కొన్ని టీవీలు బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కత్తిరిస్తాయి, రంగుల వివరాన్నీ తగ్గిస్తాయి. సినిమాలో అది తెలియదు గానీ ఎర్ర అక్షరాలు చదివేటప్పుడు తెలుస్తుంది.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికిన దొంగ స్కేలింగ్, అంటే తెరమీది అక్షరాలనూ బటన్లనూ ఎన్ని శాతం పెద్దగా చూపాలో చెప్పే సెట్టింగు. విండోస్‌లో 100 శాతమంటే 96 డీపీఐ, 125 అంటే 120, 150 అంటే 144. హై డీపీఐ తెలిసిన ప్రోగ్రామ్ అక్షరాలను ఆ సైజులో కొత్తగా గీసుకుంటుంది. తెలియని పాత ప్రోగ్రామ్ 100 శాతంలోనే గీసి ఊరుకుంటుంది, దాన్ని విండోస్ ఫొటోలా పెద్దది చేసి చూపిస్తుంది. మెనూలతో సహా విండో అంతా ఒకే రకంగా మసకబారి, పక్కనున్న బ్రౌజర్ మాత్రం తేటగా ఉంటే కారణం దాదాపు ఇదే. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటబిలిటీ, అక్కడి హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్కేలింగ్ పనిని ‘అప్లికేషన్’కే అప్పగించాలి. అక్షరాలు తేటపడతాయి గానీ, పాత ప్రోగ్రామ్ అయితే బటన్లు చిన్నవైపోతాయి. నేను మాత్రం ఆ బేరానికి ఎప్పుడూ ఒప్పుకుంటాను.

అక్షరాలను తేటగా చూపించే విండోస్ పద్ధతి క్లియర్‌టైప్ విషయానికొస్తే, ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలుగా ఉంటుంది. ఆ పట్టీలను విడివిడిగా వాడి అడ్డంగా వివరం పెంచడమే దాని పని. స్టార్ట్‌లో సీటీట్యూన్ (cttune) అని కొడితే ట్యూనర్ వస్తుంది. అందులో నమూనాలు చూసి నచ్చింది ఎంచుకోవడమే. మామూలు తెరమీద ఇది నిజంగా ఉపయోగపడింది, తప్పక చేయమంటాను. కానీ దాని బలమంతా అడ్డంగానే. మన వత్తులు పైనా కిందా పేరుకునేవి కాబట్టి ఇంగ్లీషుకు కలిగినంత మేలు తెలుగుకు కలగదు. ఇంకో మాట, ఆఫీస్ 2013 నుంచి వర్డ్ క్లియర్‌టైప్ వదిలేసి బూడిద ఛాయలతో అక్షరాలను నునుపు చేస్తోంది. ట్యూనర్‌లో ఎంత కుస్తీ పట్టినా వర్డ్ పేజీ మారలేదని కొందరు వాపోయేది అందుకే. ఓఎల్ఈడీ తెరల్లో పట్టీల అమరిక వేరు, అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తే క్లియర్‌టైప్ ఆపి చూడండి.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్లు టూల్స్, ఆప్షన్స్, వ్యూలో రెండు చూడాలి. స్క్రీన్ ఫాంట్ల యాంటీఅలియాసింగ్‌కి (అక్షరాల అంచుల్ని నునుపు చేయడానికి) టిక్ ఉందా లేదా అన్నది ఒకటి, స్కియా రెండరింగ్ (తెరమీద బొమ్మలూ అక్షరాలూ గీసే పద్ధతి) ఇంకొకటి. గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పడకపోతే స్కియా ఆపి, మళ్లీ తెరిచి పోల్చుకోవచ్చు.

ఇక బోల్డ్. మండలి, మల్లన్న, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లకు వేరే బోల్డ్ ఫైలే లేదు. బి బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే గీతల్ని లావు చేస్తుంది, దాంతో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ‘క్ష్మ’ను అలా బోల్డ్ చేసి చూడండి, నల్లటి ముద్ద మిగులుతుంది. నిర్మల యూఐ, నోటో సాన్స్ తెలుగుల్లో అసలైన బోల్డ్ ఉంది, అందుకే శీర్షికలకు వాటినే వాడుతున్నాను. జూమ్ కూడా ‘పేజ్ విడ్త్’ మీద వదిలేయకుండా 100 గానీ 150 గానీ పెట్టుకుంటాను.

ఇవన్నీ కలిపినా రాని తేడా 27 అంగుళాల 4కె మానిటర్‌తో వచ్చింది. 150 శాతం స్కేలింగ్‌లో అదే 11 పాయింట్లకు 22 పిక్సెళ్లు దొరుకుతాయి, ధ కింది గీత విడిగా కనిపిస్తుంది. ఇప్పటికీ తీరని చిక్కు ఒకటుంది. వేరే స్కేలింగ్ ఉన్న రెండో తెరమీదికి విండో లాగితే నా వర్డ్ ప్రాసెసర్‌లో అక్షరాలు మళ్లీ మసకబారతాయి. ప్రోగ్రామ్ మూసి అక్కడే తెరవడం తప్ప వేరే దారి కనబడలేదు, అందుకే దిద్దుబాటు పని మొత్తం ఒకే తెరమీద చేస్తున్నాను.