తొలేళ్లకు వెళ్లాలా, సిరిమానుకు వెళ్లాలా?

విజయనగరం పైడితల్లమ్మ పండక్కి తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ ఉండగలిగితే అంతకన్నా ఏం కావాలి! ఒక్కరోజే సెలవు దొరికినవాళ్ల కోసం ఇది.

సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. సిరిమాను అంటే ఊరేగించే పొడవాటి చింతమాను. దాని చివర అమ్మవారి ప్రతిరూపంగా పూజారి కూర్చుంటారు. ఊళ్లోని అమ్మవారి గుడి చదురుగుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కూడా ఊరేగింపులో ఉంటాయి. మాను దగ్గరికి రాగానే జనం అరటిపళ్లు విసురుతారు. కొన్ని పూజారి దాకా వెళ్తాయి, కొన్ని మన నెత్తినే పడతాయి. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజును పోగొట్టుకుని పెద్దచెరువులో కలిసిపోయిన ఆడపడుచే ఈ తల్లి అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ తెలిసి చూస్తే, మాను కోట ముందుకు వెళ్లినప్పుడు పుట్టింటికి వచ్చినట్టే అనిపిస్తుంది. నాకైతే కళ్లు చెమరుస్తాయి.

తొలేళ్లు ముందురోజు సోమవారం. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పూజ చేసిన విత్తనాలు రైతులకు పంచుతారు. వాటిని తమ విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగుంటుందని నమ్మకం.

మొదటిసారి వచ్చేవాళ్లకు సిరిమానే చెబుతాను. సేద్యం ఉన్న ఇంటివాళ్లు మాత్రం తొలేళ్లు వదులుకోకండి. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మంగళవారం తోపులాట టెన్షన్ వద్దు. ఇంకో రోజు రైల్వేస్టేషన్ దగ్గరున్న అమ్మవారి ఇంకో గుడి వనంగుడికి తీసుకెళ్లండి.